నేల తాగిన జానెడు

అక్క మారెక్క చేతిరాత కోడి గీకినట్టుంటుందని కుళ్ళాయమ్మ చిన్నప్పుడు ఎగతాళి చేసేది. ఆ కోడి గీతలే ఇప్పుడు కుళ్ళాయమ్మ ప్రయోగశాలలో అద్దాల బీరువాలో తాళం కింద ఉన్నాయి. పదకొండు పుస్తకాలు, నలభై ఏళ్ల చెరువు లెక్క. వాటిని ముట్టుకోవాలంటే చేతులకు తొడుగులు వేసుకోవాలని డైరెక్టరు విఠల్ గారు నోటీసు కూడా అంటించారు. అది చూసినప్పుడల్లా కుళ్ళాయమ్మకు నవ్వొచ్చేది. ఆ పుస్తకాల అట్టల మీద వాళ్లక్క చారు గిన్నె పెట్టిన మచ్చలున్నాయి మరి.

వాళ్ల నాయన సుంకన్న ముత్యాలమడుగు చెరువుకు నీరుగంటి. తూము తియ్యడం, ముయ్యడం, ఏ చేనుకు ఎన్ని నీళ్లు పారాలో చూడడం తాతల నాటి నుంచీ ఆ ఇంటి పని. ఆయనకు అక్షరం ముక్క రాదు. పొద్దున్నే తూము దగ్గరికి పోయి, రాతి మీద చెక్కిన మెట్లలో నీళ్లు ఎన్నో మెట్టును తాకాయో చూసి వచ్చి నోటితో చెబుతాడు. పెద్దకూతురు మారెక్క రాస్తుంది. ఈ రాతకోతల కోసమే ఆమెను ఐదో తరగతిలో బడి మాన్పించారు. ఇంట్లో ఒక్కరికే చదువు దక్కేట్టుంటే అది చిన్నదానికి దక్కింది. దాని గురించి మారెక్క ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే కుళ్ళాయమ్మకు ముల్లులా ఉండేది.

ప్రయోగశాల మధ్యలో ఆరడుగుల గాజు తొట్టి ఉంది. దాని అడుగు ముత్యాలమడుగు చెరువు అడుగుకు అచ్చమైన నకలు. మట్టికట్ట, తూము, మరవ అన్నీ అందులో చిన్నవిగా ఉన్నాయి. నీళ్ల బదులు బూడిదలో నీలం కలిసినట్టుండే ఒక ద్రవం. కుళ్ళాయమ్మ, ఆమె తోటివాళ్లు పన్నెండేళ్లు తంటాలు పడి తయారు చేశారు దాన్ని. ఆ ద్రవానికి జ్ఞాపకం ఉంది. సన్నటి గొట్టాల్లోంచి ఒక ఏడాది వాన పోసి, ఇంకో వైపు నుంచి ఆ ఏడాది తూములో పారినవీ ఎండకు ఆరిపోయినవీ తీసేసి, పుస్తకంలో రాసిన మట్టానికి తెచ్చి నిలబెడితే అది గుర్తుపెట్టుకుంటుంది. అలా నలభై ఏళ్లు నేర్పాక, నలభై ఒకటో ఏడు ఎవరూ చెప్పకుండానే నడిచి చూపించింది. వచ్చేది ఇంత, పోయేది ఇంత, మిగిలేది ఇంత. బయట చెరువుకు ఒక రోజు గడిచేలోగా తొట్టికి పది రోజులు గడుస్తాయి. జనం దాన్ని రేపటి తొట్టి అన్నారు.

రేపు తెలియడం ఆ సీమలో ముచ్చటకు కాదు. కార్తెలు చూసి వాన కోసం కూర్చునే కాలం పోయింది. ఇప్పుడు వానంటే ఏడాదికి నాలుగు రోజులు. ఏ నాలుగు రోజులో మబ్బుకే తెలియాలి. ఆ నాలుగు రోజుల్లో పట్టిన నీళ్లే నలభై ఊళ్లకు ఏడాది పొడుగునా తాగడానికి. అందుకే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మరవ మీద ఏడు ఇనుప తలుపులు బిగించారు. ముందే తెరిస్తే ఏడాది నీళ్లు కింద పారే వంకపాలు. ఆలస్యం చేస్తే నీళ్లు మట్టికట్టను ఎక్కుతాయి, ఎక్కితే కట్ట నిలవదు, కట్ట కింద ఎర్రబండ ఊరిలో తొమ్మిది వందల ఇళ్లున్నాయి. ఎప్పుడు తెరవాలో తొట్టి చెబుతుంది. తలుపుల మీట మాత్రం కుళ్ళాయమ్మ చేతిలో ఉంటుంది.

నేర్పడం అయ్యాక, చెరువు నిండిన ఏళ్లను తొట్టిలో మళ్లీ నడిపి చూస్తే ఒక వింత కనబడింది. నలభై ఏళ్లలో అలాంటివి ఆరే ఆరు. ఆ ఆరింటిలోనూ ద్రవం ఇరవై రెండో మెట్టును తాకగానే తనంతట తానే కుంగింది. అసలు చెరువు కొలతలో అది సరిగ్గా జానెడు. వేసవి రాగానే ఆ జానెడు మళ్లీ పైకి వచ్చింది.

విఠల్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "కింద ఏదో పొర ఉంది కుళ్ళాయమ్మ గారూ! నీళ్ల బరువు పెరిగితే తెరుచుకుంటోంది. తగ్గితే తాగినవి తిరిగి ఇచ్చేస్తోంది. నేల తాగుతోందండీ!"

మూడు వేల ఎకరాల చెరువు మీద జానెడంటే పది కోట్ల ఘనపుటడుగులకు కాస్త తక్కువ. అంత నీరు పట్టే పొర ఉంటే, తలుపులు ఇంకొంచెం ఆలస్యంగా తెరవొచ్చు. ఇంకో రెండు నెలల తాగునీరు మిగుల్తుంది. రెండు చోట్ల బోరు వేసి చూశారు. ఏమీ తగల్లేదు. ఇంకా లోతున ఉంటుందిలే అనుకున్నారు. నమ్మాలని కూర్చున్న మనిషికి లేకపోవడం కూడా రుజువే. దానికి కుళ్ళాయమ్మ పొర అని పేరు పెట్టారు.

జిల్లా కేంద్రంలో సభ జరిగింది. సుంకన్న మడత నలగని తెల్లచొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన మారెక్క. విఠల్ గారు తెర మీద గీతలు చూపించి అరగంట మాట్లాడారు.

"ఏమంటాండాడే ఆ సారు?" అని సుంకన్న పెద్దకూతురిని అడిగాడు.

"చెరువు నిండితే నేల జానెడు నీళ్లు తాగుతాదంట నాయినా. మన పుస్తకంలో ఉండాదంట. కుళ్ళాయి కనిపెట్టిందంట."

ముసలాయన తెర వంక కాసేపు చూసి, కూతురి వంక చూశాడు. కుళ్ళాయమ్మ వేదిక మీద పూలదండలో నవ్వుతూ ఉంది. నలభై రెండేళ్లలో ఆ పిల్ల అంత నిండుగా నవ్వడం ఎవరూ చూసి ఉండరు. నీరుగంటి కూతురని హాస్టల్లో పక్కన కూర్చోని పిల్లలు కూడా ఆ పూట ముందుకొచ్చి చేతులు కలిపారు. సుంకన్నను పైకి పిలిచి శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. ఆయన గొంతు సవరించుకున్నాడు, ఇటూ అటూ చూశాడు, "అంతా గంగమ్మ తల్లి దయ" అని మైకు తిరిగి ఇచ్చేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

ముగ్గురూ బస్సులో తిరిగి వస్తుంటే ఆయన కూతురి వైపు వంగాడు. "మ్మే కుళ్ళాయీ, ఆ జానెడు గురించి ఒక మాట..."

ఆమె ఫోను మోగింది. ఎక్కడెక్కడి వాళ్లో అభినందనలు చెబుతున్నారు. "ఒక్క నిమిషం నాయినా" అని చెయ్యి చూపించింది. ఆ నిమిషం ఎర్రబండ స్టేజీ వచ్చేదాకా అవలేదు. దిగేటప్పుడు "ఏందో చెప్పబోతివే" అంది. "ఏంల్యా, మల్లా చెప్తాలే" అన్నాడు. పట్నపోళ్లు ఏదో మాట్లాడుకుంటారు, దాంతో చెరువుకు ఏమొచ్చిందిలే అనుకున్నాడు ఆయన. ఆమె మళ్లీ అడగలేదు.

తర్వాత రెండేళ్లు చెరువు సగం కూడా నిండలేదు. అంతకు ముందు తొమ్మిదేళ్లూ అంతే. మరవ నుంచి కిందికి పోయే వంక ఎండి ఎండి నున్నటి బాటలా తయారైంది. జాగా దొరకనివాళ్లు అందులోనే రేకుల ఇళ్లు వేసుకున్నారు, నలభై దాకా. మారెక్క కూడా అక్కడే గది వేసుకుని నాయనను తన దగ్గర పెట్టుకుంది. "వంకలో ఇల్లేందే అక్కా" అని కుళ్ళాయమ్మ ఒకసారి అడిగితే, "నీళ్లు రాంది వంకెట్లయితాది మ్మే? నువ్వు తలుపులు తియ్యకుంటే సరి" అని నవ్వింది.

మూడో ఏడు నాలుగు రోజుల వాన నిజంగా వాన లాగే వచ్చింది.

నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకు చెరువు ఇరవై ఒకటిన్నర మెట్ల దగ్గర ఉంది. కట్ట అంచు ఇరవై నాలుగు. పైనున్న మూడు వాగుల నీళ్లు ఇంకో రెండు గంటల్లో వచ్చి కలుస్తాయి. గాజు తొట్టిలో అప్పటికే ఆ రెండు గంటలూ గడిచిపోయాయి. ద్రవం ఇరవై రెండో మెట్టును తాకింది, జానెడు కుంగింది, మెల్లగా పెరిగి కట్ట అంచుకు జానెడు కింద ఆగిపోయింది. తలుపులు తెరవక్కర్లేదు. చుక్క పోకుండా చెరువు నిండుతుంది. ప్రయోగశాలలో వాళ్లు టీలు తెప్పించుకున్నారు. ఎర్రబండలో పంచాయతీ మైకు పెట్టి ఎవరూ భయపడొద్దని చాటించారు.

పదకొండున్నరకు సుంకన్న ఫోను చేశాడు. వెనక వాన చప్పుడుకు మాట సరిగా వినబడలేదు.

"మ్మే, మైకులో చెప్తాండారు. తలుపులు తియ్యరంట, నేల జానెడు తాగుతాదంట. నిజమేనా?"

"నిజమే నాయినా. నువ్వు తడవద్దు, ఇంట్లోకి పో."

"తాగదు మ్మే."

"ఏంది?"

"నేల తాగదు. ఆ జానెడు నేను తగ్గించి చెప్పింది." ఆయన ఎగపోస్తున్నాడు. "ఇరవై రెండోది గంగమ్మ మెట్టు. అది తడిసినాంక చెరువు నిండుదనం నోటితో అనగూడదని మా నాయిన చెప్పినాడు. అంటే దిష్టి తగుల్తాది. రైతులు గూడా, నిండుగా ఉండాయని తెలిస్తే ఉన్నెన్ని నీళ్లూ లాగేస్తారు. అందుకని జానెడు దాచిపెట్టి చెప్పేది. ఎండలకాలం గొడ్లకు ఇడిసేటప్పుడు లెక్క సరిచేసేది. మా తాతా అంతే, మా నాయినా అంతే. కడుపుకొట్టే పని కాదు మ్మే అది, కడుపు నింపే పనే."

కుళ్ళాయమ్మ వెనక్కి తిరిగి చూసింది. అద్దాల బీరువాలో ఆరు నిండు ఏళ్లు కళ్ల ముందున్నాయి. నేల తాగలేదు. నేల ఏమీ తిరిగి ఇవ్వలేదు. ఒక ముసలాయన జాలి నలభై ఏళ్లు పుస్తకంలో నడిచి, గొట్టాల్లోంచి ద్రవంలోకి దిగి, ఆమె పేరు పెట్టుకుంది.

"అక్కకు తెలుసా?" అని మాత్రం అడిగింది.

"దానికేం తెల్సు? నేను చెప్పింది రాసింది."

విఠల్ గారికి చెబితే ఆయన ముందు నవ్వారు, తర్వాత కోప్పడ్డారు. "పెద్దాయన వాన చూసి బెదిరిపోయి ఉంటాడు. పెట్టిన నాటి నుంచీ ఇది ఒక్క రోజు తప్పిందా?"

"పెట్టిన నాటి నుంచీ చెరువు నిండలేదు సార్. గంగమ్మ మెట్టు తడవలేదు. తప్పడానికి దానికి సందే దొరకలేదు."

"తెరిస్తే నలభై ఊళ్ల ఏడాది నీళ్లు పోతాయి. ఆ ముసలాయన ఒక్క మాట మీద తెరుస్తారా?"

"రెండు బోర్లూ ఉత్తవే కద సార్" అంది ఆమె. అది ఆయనకు చెప్పిన జవాబు కాదు. ఆ రోజే తనకు తాను చెప్పుకోవలసిన మాట.

కాగితం తీసుకుని జానెడు కలిపి లెక్క వేసింది. వచ్చేది, పోయేది, మిగిలేది. చిన్నపిల్లలు చేసే లెక్క. మధ్యాహ్నం ఒకటిన్నరకు నీళ్లు కట్ట అంచు మీద ఉంటాయి. పొద్దున్నే చెప్పి ఉంటే ఏడు తలుపులూ బెత్తెడు బెత్తెడు ఎత్తితే సరిపోయేది. వంకలో మోకాలి లోతు నీళ్లు పారేవి, జనం తిట్టుకుంటూ సామాన్లు ఎత్తుకునేవాళ్లు. ఇప్పుడు ఏడూ పూర్తిగా ఎత్తాలి, అదీ అరగంట లోపలే. ఎత్తితే పది నిమిషాల్లో వంకలో తాటిచెట్టు ఎత్తున నీళ్లు వస్తాయి. ఎత్తకపోతే, తొట్టి మాట నిజమైతే, ఎవరికీ ఏమీ కాదు. ముసలాయన మాట నిజమైతే తొమ్మిది వందల ఇళ్లు పోతాయి. గాజు తొట్టిలో ద్రవం జానెడు కింద నిబ్బరంగా నిలబడి ఉంది. ఆమె దానికి వీపు తిప్పింది.

మారెక్కకు ఫోను చేసింది.

"అక్కా, తలుపులన్నీ ఎత్తుతాండా. నాయినను తీస్కొని కట్టెక్కు. ఇంటింటికీ చెప్పు."

మారెక్క ఎందుకని అడగలేదు. "ఎంతసేపుండాది?"

"ఇరవై నిమిషాలు."

"నలభై ఇండ్లు మ్మే."

"అక్కా, నువ్వు ముందు ఎక్కు. ఎక్కి అక్కన్నుంచి అరువు."

"సరేలే. నీ పని నువ్వు చూస్కో" అని ఫోను పెట్టేసింది. నీ పని నువ్వు చూస్కో అనే మాట ఆ ఇంట్లో మారెక్క ఎప్పుడూ అనేదే. చెల్లెలు పుస్తకం ముందు కూర్చుని, అక్క ఒక్కతే బిందెలు మోస్తోందని లేవబోయినప్పుడల్లా అనేది.

కుళ్ళాయమ్మ ఇరవై నిమిషాలు ఆగింది. ఇంకో ఆరు నిమిషాలు ఆగింది. వాగుల నీళ్లు అనుకున్నదానికంటే ముందే చెరువులో దూకుతున్నాయని తెర చెబుతోంది. ఇంకో నిమిషం ఆగితే తలుపులు ఎత్తినా చాలదు. విఠల్ గారు గదిలోంచి బయటికి వెళ్లిపోయారు. ఆమె మీట తిప్పింది.

కట్ట నిలిచింది. ఎర్రబండ ఇళ్లలో ఆ మధ్యాహ్నం అన్నాలు వండుకున్నారు, తిన్నారు. వంకలో నలభై ఇళ్లూ లేవు. పదిహేడు మంది పోయారు. మారెక్క నాయనను కట్ట మీద కూర్చోబెట్టి మళ్లీ కిందికి దిగిందని చూసినవాళ్లు చెప్పారు. చివరి ఇంట్లో పచ్చి బాలింత ఉంది. ఆమె, బిడ్డ బతికారు. మారెక్క దొరకడానికి మూడు రోజులు పట్టింది. రెండు మైళ్ల కింద శెనగచేను కంచెకు తగులుకుని ఉంది. కుళ్ళాయమ్మ వెళ్లి ఆమె కుడిచెయ్యి పట్టుకుని, రాసి రాసి కాయ కట్టిన మధ్యవేలిని చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఏడుపు వచ్చాక ఇక ఆగలేదు.

నిలిచిన కట్టకు ఎవరూ దండం పెట్టరు. కట్ట తెగలేదు, చెరువు పద్నాలుగో మెట్టుకు పడిపోయింది, నలభై ఊళ్లు మాఘంలోనే బిందెలు పట్టుకుని లారీల కోసం నిలబడ్డాయి. మరి ఎందుకు తెరిచినట్టు? ఊరికే పదిహేడు మందిని చంపిందని రోడ్డు మీదే అన్నారు. అనేవాళ్ల తప్పేముంది? తెగి ఉండేదని చూపించడానికి తెగిన కట్ట లేదు.

విచారణకు ఒక సంఘం వేశారు. ఆనాటికి రేపటి తొట్టిని ఇంకో నాలుగు చెరువులకు పెట్టే కాగితాలు నడుస్తున్నాయి. విఠల్ గారు ప్రమాణం చేసి, తొట్టి లెక్కలో లోపం లేదనీ, బాధ్యురాలు భయానికి లోనై తలుపులు ఎత్తిందనీ చెప్పారు. ఆయన అబద్ధమాడుతున్నాడని కుళ్ళాయమ్మ అనుకోలేదు. ఆయన ఇంకా నమ్ముతున్నాడు, అంతే. మొదటి రోజు ఆమె వాంగ్మూలం తీసుకున్నారు. తలుపులు ఎన్ని గంటలకు ఎత్తారు, ఎవరి అనుమతితో ఎత్తారు అని అడిగారు. అడిగినదానికే జవాబు చెప్పాలన్నారు.

రెండో రోజు సుంకన్నను పిలిచారు. ఆయన కుర్చీలో కూర్చోనన్నాడు. నిలబడే అంతా చెప్పాడు. గంగమ్మ మెట్టు, దిష్టి, గొడ్ల నీళ్లు, నాయన, తాత. ఒక్క మాట దాచలేదు.

"నలభై ఏళ్లు తప్పుడు లెక్క రాయించావన్నమాట" అన్నాడు సంఘం పెద్ద.

"తప్పుడు లెక్క కాదు సామీ. అది మా పద్ధతి. ఆ లెక్క మిషన్లకు పెడతారని మాకేం తెల్సు?"

"సభలో తెలిసింది కదా. నీకు శాలువా కప్పినప్పుడు తెలిసింది కదా. అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే ఈ పదిహేడు మంది బతికి ఉండేవాళ్లు. ఎందుకు చెప్పలేదు?"

ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా బిడ్డ నవ్వుతా ఉండె సామీ" అన్నాడు.

గదిలో టైపు చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. కుళ్ళాయమ్మ వెనక బెంచీ మీంచి లేచింది. "సార్, ఆ రోజే బస్సులో చెప్పబోయినాడు. నేను ఫోనులో ఉండి వినలేదు. మళ్లీ అడగలేదు. అది కూడా రాయండి."

"మీ వాంగ్మూలం నిన్ననే అయిపోయిందమ్మా."

"ఇది నిన్న అడగలేదు సార్. రాయండి."

"అక్కర్లేదమ్మా. కారణం తేలిపోయింది." ఆయన గొంతులో ఆమె మీద దయ ఉంది. చదువుకున్న పిల్ల, పేరున్న పిల్ల. నిరక్షరాస్యుడైన నీరుగంటి మూఢాచారం అని ఒక్క ముక్కలో అయిపోతుంటే, దాన్ని ఎవరు మాత్రం పాడు చేసుకుంటారు?

తప్పు ఆయనదేనని టైపు చేసిన కాగితం ముసలాయన ముందు పెట్టారు. ఆయన చదవలేడు కాబట్టి గుమాస్తా పైకి చదివి వినిపించాడు. పదిహేడు పేర్లు చదివాడు. పదకొండోది మారెక్క. సుంకన్న తలూపి, సిరా అద్ది, బొటనవేలు ఒత్తాడు. వేలికంటిన సిరాను నెత్తికి రాసుకున్నాడు.

కుళ్ళాయమ్మ బల్ల దగ్గరికి నడిచింది. ఎవరూ ఆపేలోపల సిరాలో తన బొటనవేలు ముంచి, నాయన ముద్ర పక్కనే గట్టిగా ఒత్తింది.

సంఘం పెద్ద కళ్లద్దాలు తీసి ఆమె వంక జాలిగా చూశాడు. "మీరు సంతకం చేసేవాళ్లమ్మా. మీ వేలిముద్ర చెల్లదు" అని గుమాస్తాకు సైగ చేశాడు. గుమాస్తా ఆ కాగితం చింపేశాడు. అదే మళ్లీ కొత్తగా టైపు చేయడానికి పది నిమిషాలు పట్టింది. అంతసేపూ తండ్రీ కూతుళ్లు బల్లకు అటొకరు ఇటొకరు నిలబడే ఉన్నారు.

"వాళ్లను ఇసిగించద్దు మ్మే" అని సుంకన్న మెల్లగా అన్నాడు. కొత్త కాగితం ముందుకు రాగానే ఆయన మళ్లీ బొటనవేలు చాచాడు.